గువాము దీవియందలి విమానచోదకులు

మన పాఠశాలయందు పైతరగతుల బాలబాలికలను ‘మీరేమి కాగోరుచున్నారు?’ అని యడిగినచో, విమానచోదకుల మగుదుమని చెప్పువారు ఏటేట హెచ్చుచున్నారు. వారి తలిదండ్రులు జీతమెంత యని విచారింతురు. ఆ చోదకుడు ఏ గంటకు లేచును, ఏ గంటకు పరుండును, ఇల్లు చేరుట యెన్నడు అని విచారించువారు అరుదు. ఆ వృత్తియందలి కష్టసుఖములు మాత్రము ఈ ప్రశ్నలలోనే యున్నవి. మహానగరముల చోదకులను విడిచి, సముద్రమధ్యమున నొక చిన్న దీవిలో కాపురముండి పనిచేయువారిని గూర్చి తెలిసికొన్నచో ఈ సంగతి బాగుగ బోధపడును.

గువాము పసిఫిక్ మహాసముద్రమునందు ఫిలిప్పీను దీవులకు తూర్పున నున్నది. పొడవు సుమారు 30 మైళ్ళు. జనసంఖ్య సుమారు లక్షన్నర. ఇది చమొర్రో జాతివారి స్వస్థలము. 1898లో అమెరికావారి వశమైనది. 1935లో పాన్ అమెరికన్ సంస్థవారి విమానము, నీటిపై దిగునట్టిది, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి మనీలాకు టపా గొనిపోవుచు హోనొలులు, మిడ్‌వే, వేక్, గువాము దీవులలో ఆగి ఆగి పోయెను. నాటి విమానములు ఆ సముద్రమును ఒక్క పరుగున దాటజాలవు. నేటివి దాటగలవు. అయినను చుట్టుపట్ల నున్న చిన్న దీవులవారికి త్వరితమైన వేరు దారి లేదు గనుక గువాము విడిదిగానే నిలిచినది. 1968లో ఎయిర్ మైక్రొనీషియా అను సంస్థ ఈ దీవులకు జెట్ విమానములను నడుప నారంభించినది. ఆ పని ఇప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్సు వారి చేతిలో నున్నది. వారి చోదకులలో కొందరికి గువామే స్థావరము.

స్థావరమనగా నేమి? చోదకుని పని ఎచట మొదలై ఎచట ముగియునో అది అతని స్థావరము. ఇల్లు అచటనే యుండవలెనను నిర్బంధము లేదు. అమెరికాలో అనేక చోదకులు ఒక ఊర కాపురముండి, మరియొక ఊరి స్థావరమునకు ప్రయాణికులవలె విమానమెక్కి పోయి పనిలో ప్రవేశింతురు. గువాము సంగతి వేరు. అమెరికా ఖండమునుండి ఇచటికి వచ్చుట ఒక పూట పని గాదు. కనుక కుటుంబముతో దీవికి తరలిపోవుటయో, మాసములో కొన్ని దినములు భార్యాబిడ్డలను సముద్రమున కావల విడిచి యుండుటయో, రెంటిలో నొకటి కోరుకొనవలెను.

పని పంచు విధము వినదగినది. నెల నెలకు ప్రయాణముల పట్టిక వెలువడును. ప్రతి చోదకుడును తనకు నచ్చినవానిని కోరుకొనును; కాని కోరిక తీరుట సీనియారిటీని బట్టి. ముందుగా కొలువులో చేరినవాడు ముందు ఏరుకొనును. చివర చేరినవానికి మిగిలినది దక్కును. పండుగనాడు ఇంట నుండుట, బిడ్డ పుట్టినదినమున సెలవు, అన్నియు ఆ వరుసలో అతని స్థానమును బట్టియే. మరి కొందరు రిజర్వులో నుందురు. ఎవరైన జబ్బుపడినచో పిలుపు రాగానే పోవలెను. అట్లు పిలుపునకు సిద్ధముగ నుండు కాలము ఒకేసారి 14 గంటలకు మించరాదని అమెరికా ప్రభుత్వ నిబంధన. ఇంటనే యున్నను ఇది విశ్రాంతి కాదని నా యభిప్రాయము. చెవి ఎల్లప్పుడు టెలిఫోనుమీదనే యుండును గదా.

గువాము చోదకులు జపాను, మనీలా, పలావు మొదలగు చోట్లకు బోయింగ్ 737 విమానములను నడుపుదురు. అయితే అన్నిటికంటె పేరుపొందినది హోనొలులు, గువాముల నడిమి దీవులదారి. హోనొలులులో ఉదయము ఏడు గంటల ప్రాంతమున బయలుదేరిన విమానము మజురో, క్వాజలిన్, కోస్రే, పోన్‌పే, చూక్ దీవులలో దిగుచు లేచుచు గువాము చేరును. కొన్ని దినములలో కోస్రేలో ఆగదు. నేరుగ పోయిన ఎనిమిది గంటలకు మించని దారి, ఇట్లు పోవుటచే పదునాలుగు గంటలు దాటును. మజురోలో నేల ఎంత సన్ననిదనగా, రన్‌వేకు ఒకవైపు మహాసముద్రము, రెండవవైపు పగడపు దిబ్బల నడుమ నిలిచిన ఉప్పునీటి మడుగు. క్వాజలిన్ అమెరికా సైనిక స్థావరము, అనుమతిలేనివారు దిగరాదు. విమానమునందు ఒక మెకానిక్, కొన్ని యంత్రభాగములు వెంటవచ్చును. దారిలో చెడినచో బాగుచేయువారు దీవులలో దొరకరు. ఇద్దరు చోదకులు ఒక దినమున నడుపదగినది, పని మొదలిడు గంటను బట్టి, 8 లేక 9 గంటలు మాత్రమే. ఈ దారిలో గాలిలో నుండు కాలమే అంతకు మించును గనుక నలుగురు చోదకులెక్కి వంతులవారిగ నడుపుదురు.

ఇక గడియారపు సంగతి. విద్యార్థులు భూగోళపటమును ముందుంచుకొని చదువవలెను. హోనొలులుకును గువాముకును నడుమ అంతర్జాతీయ దినరేఖ కలదు. గువాము కాలము 20 గంటలు ముందు. హోనొలులులో సోమవారము ఉదయము 10 గంటలైనపుడు గువాములో మంగళవారము ఉదయము 6 గంటలు. ఆదివారము ఉదయమున హోనొలులులో బయలుదేరినవాడు సోమవారము సాయంకాలము గువాములో దిగును. అతని ఆదివారపు సాయంకాలము ఎచటికి పోయినదో అతడే వెదకుకొనవలెను! పంచాంగములో ఇంత భేదమున్నను దేహమునకు తెలియు భేదము నాలుగు గంటలే. ఏలయన దేహము తేదీని ఎరుగదు, వెలుతురును చీకటిని మాత్రమే ఎరుగును.

ఈ నాలుగు గంటలే కష్టము తెచ్చును. గువామున కాపురముండు చోదకుడు హోనొలులులో ఒక రాత్రి గడిపి, తెల్లవారి ఆరు గంటలకు పనిలోనికి వచ్చెననుకొనుడు. అతని యింటి గడియారమున అప్పుడు రాత్రి రెండు గంటలు. రాత్రి రెండు మొదలు ఆరు వరకు మానవుని దేహము మిక్కిలి మాంద్యము నొందు వేళయని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ వేళ అతడు హోనొలులు ఎండలో విమానము నడుపవలెను.

ఈ మాంద్యము ప్రాణములమీదికి వచ్చును. 1997 ఆగస్టు 6న అర్ధరాత్రి దాటిన పిమ్మట, గువాములో దిగబోవుచున్న కొరియన్ ఎయిర్ విమానము వానలో నిమిట్జ్ కొండకు తాకెను. 254 మందిలో 220 మందికి పైగా మరణించిరి. రన్‌వేకు దిగు వాలును చూపు రేడియో సాధనము ఆ రాత్రి పనిచేయుట లేదు. కెప్టెన్ దిగవలసిన విధమును సరిగ పాటింపలేదు. దానికి తోడ్పడిన కారణములలో అతని యలసట ఒకటియని అమెరికా విచారణసంఘము వ్రాసినది. 2009లో న్యూయార్కు రాష్ట్రపు బఫలో పట్టణమువద్ద మరియొక విమానము కూలి 50 మంది చనిపోయిరి. సహచోదకురాలు రాత్రియంతయు దేశమునకు ఆ కొననుండి ప్రయాణించి వచ్చి పనిలో ప్రవేశించినది. దాని పిమ్మటనే నియమములు మార్చబడి 2014 జనవరిలో అమలులోనికి వచ్చినవి. పనికి ముందు 10 గంటల విశ్రాంతి, అందు 8 గంటలు నిద్రకు వీలు. వారములో ఎడతెగక 30 గంటల విరామము. సంవత్సరమునకు నడుపుట 1000 గంటలకు మించరాదు. ఎన్నిమారులు దిగి లేవవలెనో అంతకంతకు పనిగంటల హద్దు తగ్గునట్లు కూడ ఏర్పరచిరి. దిగుటయందే శ్రమ ఎక్కువ గనుక ఇది న్యాయమే.

దీవుల రన్‌వేలు పొట్టివి. చూక్ రన్‌వే ఆరువేల అడుగులు; రెండు కొనలను నీరే. 2018 సెప్టెంబరులో వేరొక దేశపు విమానము అచట రన్‌వే చేరకయే నీటిలో దిగినది. ఒకరు మరణించిరి, తక్కినవారిని చేరదీయుటకు దీవివారు పడవలతో వచ్చిరి. ఒక దీవిలో వాన కమ్మినచో మరియొక దీవికి పోవలెను, అది వందల మైళ్ళ దూరము. కావున అంత దూరమునకు చాలిన ఇంధనము ముందే లెక్కించి పోసికొందురు. తుపానులు సరేసరి. 2023 మే నెలలో మావర్ అను తుపాను గువామును తాకినపుడు విమానాశ్రయము కొన్ని దినములు మూతపడినది. అట్టి వేళ పట్టికలన్నియు చిత్తుకాగితములే.

ఈ శ్రమయంతయు ఎవరికొరకు? ఈ దీవులకు ఈ విమానమే టపా, మందులు తెచ్చును. చికిత్సకై పోవు రోగులు, కళాశాలకు పోవు పిల్లలు దీనియందే ఎక్కుదురు. అది రాని దినమున దీవివారి పనులెన్నో ఆగిపోవును.

ఇందుచేతనే ఒక నియమము నాకు అన్నిటికంటె కఠినముగ తోచుచున్నది. బయలుదేరుటకు ముందు ప్రతి చోదకుడును తాను పనికి తగియున్నానని తానే స్పష్టపరుపవలెను. అలసియున్నచో చెప్పి మానుకొనవలెను. మహానగరములో ఆ మాట చెప్పినచో రిజర్వులోనివాడు గంటలలో వచ్చును. పోన్‌పేలో చెప్పినచో, గువాము ఇంకను సుమారు వేయి మైళ్ళు. బదులు పనిచేయగలవారు విమానములోనున్న తక్కిన ముగ్గురే.