చివరి యూనిట్టు ఖరీదు

మీటరు చూచు మనిషి వచ్చి, బిల్లు చేతికిచ్చి పోయిన సాయంకాలము చాల యిండ్లలో ఒక చిన్న విచారణ జరుగును. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత, ఎందుకు పెరిగినది, ఫ్యాను ఆర్పనివారెవరు అని ప్రశ్నలు పుట్టును. సాధారణముగ నేరము ఎదురు చెప్పలేనివారి మీదనే పడును. రాత్రి చదువుకొను పిల్లవాని దీపమో, వసారాలో కూర్చుండు అవ్వగారి దీపమో దోషిగా నిలుచును. మరునాటి నుండి అవ్వగారు చీకటిలో కూర్చుందురు. అయినను మరుసటి నెల బిల్లు తగ్గదు. ఏలయన ఆ నేరము చేసినది ఆ దీపము కాదు.

పొదుపు మంచిదే. కాని లెక్క తెలియని పొదుపు ఇంటిలోని వారిని బాధించునే గాని డబ్బును మిగుల్చదు. విద్యుత్తు విషయములోను, గ్యాసు విషయములోను గృహస్థు తెలిసికొనవలసిన సంగతులు రెండు. ఏ వస్తువు ఎంత తినుచున్నది అనునది మొదటిది. మనము వాడు చివరి యూనిట్టు మనకు ఏ ధరకు పడుచున్నది అనునది రెండవది. మొదటిది కొందరికి తెలియును. రెండవది తెలిసినవారు తక్కువ.

యూనిట్టు అనగా ఏమి? వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసిన యెడల ఖర్చగు విద్యుత్తే ఒక యూనిట్టు. వస్తువు మీద వ్రాసియున్న వాట్ల సంఖ్యను అది పనిచేయు గంటలతో హెచ్చించి, వచ్చిన దానిని వెయ్యితో భాగించినచో యూనిట్లు వచ్చును. ఇంతకు మించిన గణితము అవసరము లేదు.

ఈ లెక్కతో అవ్వగారి దీపమును చూతము. అది తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపమైనచో, రోజునకు ఐదు గంటల వంతున నెలంతయు వెలిగినను, ఒక యూనిట్టు మీద మూడవ వంతు మాత్రమే ఖర్చగును. పూర్వపు 60 వాట్ల తీగ బల్బు అంత సేపే వెలిగినచో తొమ్మిది యూనిట్లు తినెడిది. బల్బులకు భయపడు అలవాటు ఆ కాలపుది. బల్బు మారినది గాని భయము మారలేదు.

ఇక ఒక మధ్యతరగతి గృహమును ఉదాహరణగా తీసికొందము. 75 వాట్ల ఫ్యానులు మూడు రోజునకు 12 గంటల వంతున తిరిగినచో నెలకు 81 యూనిట్లు. ఫ్రిజ్జు సుమారు 20. నీటి మోటారు రోజున కరగంట నడచినచో 15. టెలివిజనుకును, రాత్రింబవళ్లు వెలుగుచుండు దాని పెట్టెకును కలిపి 16. నాలుగు ఎల్.ఇ.డి. దీపములకు 5. మిక్సీకి 4. మొత్తము 141. చలికాలములో రెండు వేల వాట్ల గీజరు రోజున కరగంట వేసినచో మరియొక 30 చేరి 171 అగును. వేసవిలో గీజరు మానివేయుదుము గాని, పడకగదిలోని ఏ.సి. రాత్రికి రెండు గంటల సేపు, గంటకు సుమారు ఒక యూనిట్టు చొప్పున నడచినచో 60 చేరును. అప్పటి మొత్తము 201.

ఈ 201 అను అంకెను గుర్తుంచుకొనవలెను. తెలంగాణములోని గృహస్థునకు ఈ అంకె మిక్కిలి ఖరీదైనది.

2022 ఏప్రిల్ నుండి తెలంగాణములో అమలునకు వచ్చిన రేట్ల పట్టిక ప్రకారము గృహములు మూడు తరగతులు. నెలకు 100 యూనిట్ల లోపు వాడువారికి మొదటి 50 యూనిట్లకు రూ. 1.95, తరువాతి 50 యూనిట్లకు రూ. 3.10. నూరు దాటి 200 లోపు వాడువారికి మొదటి నూటికి రూ. 3.40, రెండవ నూటికి రూ. 4.80. రెండు వందలు దాటినవారికి మొదటి 200 యూనిట్లకే రూ. 5.10, ఆపైన 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9.00. అటుపైన ఇంకను హెచ్చును. ఇందలి కిటుకు ఏమన, గీత దాటినవారికి దాటిన యూనిట్టుకు మాత్రమే గాక, అంతకు ముందు వాడిన యూనిట్లన్నిటికిని రేటు మారిపోవును.

లెక్క వేసి చూతము. సరిగ్గా 200 యూనిట్లు వాడిన యింటికి విద్యుత్తు ఖరీదు రూ. 820. అదే యింట 201 యూనిట్లు అయినచో రూ. 1,027.70. అనగా ఆ ఒక్క యూనిట్టుకు మనము ఇచ్చుకొన్న ధర 207 రూపాయల 70 పైసలు. నూరవ గీత వద్దను ఇటువంటి మెట్టే కలదు. 100 యూనిట్లకు రూ. 252.50, 101 యూనిట్లకు రూ. 344.80. స్థిర రుసుము, విద్యుత్తు సుంకము మొదలైనవి వీనికి అదనము. 2024లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమైనది. అట్టి కుటుంబమునకు 201వ యూనిట్టు ఖరీదు వందలలో కాదు, వేయి రూపాయలకు పైమాటయే. ఒక గంట ఏ.సి.యో, ట్యాంకు నిండి పొర్లుచున్నను ఆపని మోటారో ఈ నష్టమును తెచ్చిపెట్టగలదు.

ఆంధ్రప్రదేశములో పద్ధతి వేరు. అక్కడను 2022 ఏప్రిల్ నుండియే తరగతులు తీసివేసి అందరికిని ఒకే మెట్ల వరుస ఏర్పరచిరి. మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. ఇచ్చట ఒక మెట్టు దాటినందున క్రింది మెట్ల ధర మారదు. కనుక ఒక్క యూనిట్టుతో పిడుగు పడదు. అయినను జాగ్రత్త అనవసరమని కాదు. 225 యూనిట్లు వాడినవారికి మొత్తము రూ. 1,017, సగటున యూనిట్టుకు నాలుగున్నర రూపాయలు. ఆ సగటును చూచి, ఇంకొక యూనిట్టు వాడినను నాలుగున్నరయే గదా అనుకొనుట పొరపాటు. ఆ తరువాతి యూనిట్టు రూ. 8.75.

పొదుపు చేయువాడు తరచి చూడవలసినది ఈ చివరి యూనిట్టునే. మనము మిగుల్చునది ఎల్లప్పుడును చివరి యూనిట్టునే గాని మొదటి యూనిట్టును కాదు.

దీనికి సులువైన ఉపాయము కలదు. మీటరు చూచిన దినమున అంకెను, తేదీని గోడ క్యాలెండరు మీద వ్రాసికొని, ప్రతి ఆదివారము మరల చూచుచుండవలెను. 200 గీత లోపల ఉండదలచినవారికి రోజునకు ఆరున్నర యూనిట్లు హద్దు. పదవ నాటికి 65, ఇరువదవ నాటికి 130 దాటినచో, మిగిలిన పది దినములు చేయి బిగించవలెను. నెల ముగిసి బిల్లు వచ్చిన తరువాత చేయు విచారణ కంటె నెల నడుమ చేయు విచారణ మేలు.

చేయి బిగించుట ఎక్కడ? పై లెక్కలో పెద్ద పద్దు ఫ్యానులదని గమనించియుందురు. క్రొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. ఫ్యానులు 75 వాట్లకు బదులు సుమారు 30 వాట్లతో తిరుగును. ఒక్కొక్క ఫ్యాను వలన నెలకు 16 యూనిట్లు మిగులును. కావున ఫ్యాను చెడి మార్చవలసి వచ్చినపుడు ఈ సంగతి తలచుకొనవలెను. ఏ.సి.ని 18 డిగ్రీల వద్ద ఉంచుట గది చల్లబడుటకు తొందర చేయదు. యంత్రమును ఎక్కువసేపు పని చేయించును, అంతే. ఒక్కొక్క డిగ్రీ హెచ్చించినచో సుమారు నూటికి ఆరు వంతులు ఆదా అగునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ తెలిపినది. 2020 నుండి క్రొత్త ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు ఏర్పాటు జరిగినది. గీజరు విషయములో, స్నానమునకు ముందు వేసి, నీరు కాగగానే ఆర్పివేయుట చాలును. ఫ్రిజ్జు తలుపు రబ్బరు వదులైనచో చల్లదనము రాత్రింబవళ్లు బయటికి పోవును. తలుపు సందులో ఒక కాగితము పెట్టి మూసి లాగవలెను. సులువుగా జారి వచ్చినచో రబ్బరు మార్చవలెను.

ఇక వంటింటిలోనికి పోదము. గృహావసరపు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉండును. ఖాళీ సిలిండరు బరువు దాని మీదనే చెక్కియుండును. ఆ బరువునకు 14.2 కలిపి, ఇంటికి తెచ్చినవాని త్రాసుతో తూచి చూపుమని అడుగుటలో మొగమాటము అక్కరలేదు. అది వినియోగదారుని హక్కు.

ఈ గ్యాసు పూర్తిగ మండినచో సుమారు 180 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన వేడి పుట్టును. కాని పొయ్యి మీది మంటలో సుమారు మూడింట రెండు వంతులే గిన్నెకు చేరును. తక్కినది గాలిలో కలియును. మంట గిన్నె అడుగును దాటి ప్రక్కలకు నాకుచున్నచో ఇంకను వృథా. మంట నీలముగ నుండవలెను. పచ్చగ మారి గిన్నెకు మసి పట్టుచున్నచో బర్నరు రంధ్రములు మూసికొనిపోయినవని అర్థము.

ఇల్లాండ్రు తలచుకొనవలసిన శాస్త్ర విషయమొకటి కలదు. ఒక లీటరు చన్నీళ్లను మరుగు పట్టించుటకు ఎంత వేడి కావలెనో, ఆ మరిగిన నీటిని ఆవిరిగా మార్చివేయుటకు దానికి ఏడు రెట్లు కావలెను. మరియు నీరు మరుగ నారంభించిన తరువాత మంట ఎంత పెంచినను దాని వేడి పెరుగదు. ఆవిరి మాత్రము పెరుగును. కావున మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టు ఇల్లాలు గ్యాసును నిజముగ మిగుల్చుచున్నది. మూత లేని గిన్నెలో పప్పు తుకతుక ఉడుకుచున్నచో ఆ ఆవిరితో పాటు డబ్బును పోవుచున్నది. పప్పును ముందుగ నానబెట్టుట, కుక్కరులో అన్నము, పప్పు ఒకేమారు పెట్టుట, ఈల వచ్చిన పిదప మంట తగ్గించుట మన పెద్దలకు, అమ్మలకు తెలియని సంగతులు కావు. అవి ఎందుకు పనిచేయునో ఈ లెక్క చెప్పుచున్నది.

ఇండక్షను పొయ్యి మేలా, గ్యాసు మేలా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. సమాధానము చివరి యూనిట్టులో ఉన్నది. ఇండక్షను పొయ్యిలో నూటికి సుమారు 85 వంతుల వేడి గిన్నెకు చేరును. ఒక సిలిండరు చేయు వంటను అది సుమారు 140 యూనిట్లతో చేయును. కనుక సిలిండరు ఖరీదును 140తో భాగింపుడు. ఖరీదు 900 రూపాయలనుకొన్నచో రూ. 6.43 వచ్చును. మీ చివరి యూనిట్టు ధర అంతకు తక్కువయైనచో విద్యుత్తు మేలు. ఎక్కువయైనచో గ్యాసు మేలు. నెలకు 120 యూనిట్లు మాత్రమే వాడు తెలంగాణపు యింట 200 వరకు ఇంకను 80 యూనిట్ల చోటు కలదు, అవి రూ. 4.80కే లభించును. అట్టివారు కాఫీ, పాలు, వేడినీళ్లు ఇండక్షను మీద పెట్టుకొనవచ్చును. 195 వద్ద నున్న యింటికి అది ప్రమాదము. ఆంధ్రప్రదేశములో 225 దాటినవారికి గ్యాసే చౌక. ప్రభుత్వ సహాయముతో సిలిండరు 500 రూపాయలకు పడువారికి ఈ హద్దు రూ. 3.57కు దిగును, వారు గ్యాసునే నమ్ముకొనుట మంచిది. గ్యాసు ఖరీదు గాని విద్యుత్తు రేటు గాని మారినపుడెల్ల ఈ భాగహారము మరల చేసికొనవలెను. భాగించు అంకె మాత్రము మారదు.

అన్నింటి యందును పొదుపు చేయవచ్చును గాని రక్షణ యందు చేయరాదు. గ్యాసు గొట్టమును ఐదేండ్లకొకమారు మార్చవలెను. అంతకు ముందే పగుళ్లు కనబడినచో ఆలస్యము చేయరాదు. గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చి వేయుట గాని ఆర్పుట గాని చేయక, రెగ్యులేటరు కట్టివేసి, కిటికీలు తెరచి, వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను.

ఇప్పుడు అవ్వగారి దీపము మాటకు మరల వత్తము. నెలకొకటిన్నర యూనిట్టు కూడ తినని ఆ దీపమును వెలుగనీయుడు. పిల్లవానిని చదువుకొననీయుడు. మోటారు ఆపుట మరువకుడు, గీజరును కనిపెట్టియుండుడు, ఆదివారము నాడు మీటరు చూడుడు. లెక్క తెలిసిన యింట పొదుపునకును సుఖమునకును వైరము లేదు.