నయం కాని జబ్బుకూ వైద్యముంది!

‘ఇక మా చేతుల్లో ఏమీ లేదు... ఇంటికి తీసుకెళ్లండి!’

హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి నల్గొండకో పాలమూరుకో తిరిగొచ్చే ఎన్నో కుటుంబాలు చివరగా వినే మాట ఇది. పెద్దాయనను ఊరికి తెస్తారు. చుట్టాలొచ్చి చూసి వెళ్తారు. రాత్రయ్యేసరికి చుట్టాలుండరు, డాక్టరుండడు. నొప్పి మాత్రం ఉంటుంది. ఆ మూలుగు వినలేక మర్నాడు కొడుకు మళ్లీ అప్పు చేసి ఇంకో ఆసుపత్రి వెతుకుతాడు.

జబ్బు నయం కాదన్నది నిజమే కావచ్చు. చేయడానికేమీ లేదన్నది మాత్రం నిజం కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్రలేమి, దిగులు... వీటిని తగ్గించే మందులూ మార్గాలూ ఉన్నాయి. ఆ వైద్యమే పాలియేటివ్ కేర్. ఉపశమన వైద్యం అనుకోవచ్చు.

గొంగడి లాంటిది

లాటిన్‌లో ‘పాలియం’ అంటే ఒంటిమీద కప్పుకునే వస్త్రం. పాలియేటివ్ అన్న మాట అక్కణ్నుంచే వచ్చింది. మన గొల్లకురుమల గొంగడినే తీసుకోండి. అది వానను ఆపదు, వానలో ఉన్న మనిషిని కాపాడుతుంది. ఈ వైద్యమూ అంతే.

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకూ ఇంటిల్లిపాదికీ ఉంటుందని, అన్నిటినీ కలిపి చూడాలని చెప్పారామె. మన దేశంలో 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన సంస్థ కేరళకు దారి చూపింది. అయినా ప్రపంచం మొత్తమ్మీద ఈ సేవలు అవసరమైనవారిలో వాటిని పొందుతున్నది నూటికి 14 మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

క్యాన్సర్‌కే కాదు...

పక్షవాతం, గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు, మతిమరుపు, పార్కిన్సన్స్... వీటన్నిటికీ ఈ వైద్యం కావాలి. చివరి రోజుల దాకా ఆగక్కర్లేదు. జబ్బు బయటపడ్డ నాటి నుంచే, మామూలు చికిత్సతో పాటే మొదలుపెట్టొచ్చు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై బోస్టన్‌లో జరిగిన ఓ అధ్యయనం 2010లో వెలువడింది. ముందునుంచీ ఉపశమన వైద్యం అందినవాళ్లు మిగతావారికన్నా దాదాపు మూడు నెలలు ఎక్కువ బతికారని అందులో తేలింది.

నల్గొండ ఫ్లోరైడ్ పల్లెల సంగతే చూడండి. మంచినీళ్లొస్తే కొత్తతరానికి ఆ జబ్బు తప్పుతుంది. ఏళ్ల తరబడి ఆ బోరునీళ్లే తాగి నడుం వంగిపోయిన అవ్వ, తాతల ఎముకలు మాత్రం మళ్లీ మామూలు కావు. వాళ్లకు కావాల్సింది నొప్పి తగ్గించే మందు, కీళ్లు మరింత బిగుసుకుపోకుండా చూసే ఫిజియోథెరపీ.

మార్ఫిన్ అంటే భయమెందుకు?

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర మంచి మందు, చవకైన మందు. మత్తుమందు కాబట్టి 1985 నాటి చట్టంతో దాన్ని నిల్వ చేయడమే ఆసుపత్రులకు కష్టమైపోయింది. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కుల్ని తగ్గించారు. ‘అలవాటైపోతుంది, ఆయుష్షు తగ్గిపోతుంది’ అన్న భయం మాత్రం ఇంకా పోలేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేసుకుంటే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికీ ఓ మందు రాస్తారు.

గడప దాకా ‘ఆలన’

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ అనుభవంతోనే తెలంగాణ ప్రభుత్వం చేవెళ్లలో, మహబూబ్‌నగర్ సహా మరికొన్ని జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు తెరిచింది. మంచం దిగలేనివారి కోసం ‘ఆలన’ వాహనాలు ఏర్పాటుచేసింది. నర్సులు ఇంటికే వచ్చి పుండు కడుగుతారు, కట్టు కడతారు, ఇంట్లోవాళ్లకూ నేర్పుతారు.

పాలమూరుకు ఇది మరీ అవసరం. కొడుకు, కోడలు పుణెలోనో ముంబయిలోనో కూలికి వెళ్తే ఇంట్లో మిగిలేది ముసలి దంపతులే. మంచంపట్టిన పెనిమిటిని డెబ్భై ఏళ్లావిడ ఒక్కతే ఎలా పక్కకు తిప్పగలదు?

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

* రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వీపు, తుంటి, మడమలు ఎర్రబడ్డాయేమో రోజూ చూడండి.

* ఆయాసంగా ఉంటే దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ముఖానికి గాలి తగిలేలా చూడండి.

* చివరి దశలో ఆకలి తగ్గడం సహజం. బలవంతంగా ముద్దలు పెడితే పొలమారుతుంది. అడిగితే రెండు చెంచాల గంజి చాలు. నోరు, పెదాలు తడి ఆరకుండా చూడండి.

* నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగొద్దు. మాత్ర వేళకే వేయండి.

* జబ్బు పేరు దాచి గుసగుసలాడుకుంటే పెద్దాయన మరింత ఒంటరి అవుతారు. అడిగితే మెల్లగా నిజం చెప్పండి. ఎవరిని చూడాలనుంది, ఎక్కడ ఉండాలనుంది... ఆయన్నే అడగండి.

ఇక ఆసుపత్రిలో ‘తీసుకెళ్లండి’ అన్న మాట వినబడితే, మంచం దింపే ముందు మూడు ప్రశ్నలు వేయండి. నొప్పికి ఏ మందు వాడాలి? రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? మా జిల్లాలో పాలియేటివ్ కేర్ కేంద్రం ఎక్కడుంది? ఊళ్లో ఆశా కార్యకర్తనూ ఇవే అడగొచ్చు. ఇవి అడగడం మీ హక్కు. జవాబు వచ్చేదాకా అడగండి.