సభ్యుల వివరాలు సంఘం దగ్గర భద్రమేనా?

ఉగాది వేడుకలకు పేర్ల నమోదు, పదో తరగతి పిల్లలకు ప్రతిభా పురస్కారాలు, వధూవరుల పరిచయ వేదిక. బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్, ఎక్కడి తెలుగు సంఘమైనా చేసే పనులే ఇవి. ప్రతిసారీ మన పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఒక్కోసారి ఆధార్ నకలు, జీతం, గోత్రం కూడా సంఘానికి చేరతాయి. ఆ తరువాత అవి పాత కార్యదర్శి ఫోన్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో ఉండిపోతాయి.

మోసగాళ్లకు కావలసింది ఇవే. పిల్ల పేరు, బడి పేరు సరిగ్గా చెప్పి, "మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని తెలుగులో అడిగితే, మనవాళ్లే కదా అని నమ్మేస్తాం.

చట్టం ఏం చెబుతోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు వాటిలో 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం కంపెనీలకే కాదు, సంఘాలకూ ట్రస్టులకూ వర్తిస్తుంది. కాగితం మీద తీసుకున్న వివరాలను తరువాత కంప్యూటరులోకి ఎక్కించినా దీని కిందికే వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

మనకు ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. సమ్మతి పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కాబట్టి హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా తెలుగులో అడగవచ్చు.

సంఘాలు ఇప్పుడే చేయదగినవి

• అవసరమైన వివరాలే అడగండి. వేడుకకు రావడానికి ఆధార్ ఎందుకు? తప్పదనుకుంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి.
• గూగుల్ ఫారం జవాబుల షీటును లింకు ఉన్నవారందరికీ తెరిచి ఉంచకండి. బాధ్యులైన ఇద్దరికి చాలు.
• సంఘం పేరిట ఒక ఈమెయిల్ పెట్టి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. కార్యవర్గం మారిన రోజే పాస్‌వర్డు, దానికి జోడించిన ఫోన్ నంబరు మార్చండి.
• ప్రకటనలకు గ్రూపు బదులు వాట్సాప్ ఛానల్ వాడితే సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు.
• వధూవరుల ఫోటోలు, ఫోన్ నంబర్లు పీడీఎఫ్‌గా పంచకండి. ఇరువైపులా ఒప్పుకున్నాకే ఇవ్వండి.
• పని అయ్యాక నకళ్లు తొలగించండి.

వివరాలు బయటికి పొక్కితే దాచకండి. సభ్యులకు వెంటనే తెలియజేయండి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి: మా వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎప్పుడు తీసేస్తారు?