గడ్డంతో రుచి చూసే గులివింద

ఇలా వచ్చి కూర్చోండర్రా. నాయనమ్మ ఆవకాయ కలిపేటప్పుడు చూశారా? మధ్యమధ్యలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంటుంది, ఉప్పు చాలిందో లేదో అని. అసలు ఆ వేలికే నాలుకుంటే? ముంచగానే తెలిసిపోను! అలాంటి వేళ్లు రెండున్న చేప ఒకటుంది తెలుసా?

మన విశాఖ రేవులో గులివిందలని అమ్ముతారే, ఎర్రెర్రగా, అవే. గడ్డం కింద రెండు పొడుగాటి మీసాలుంటాయి. మేకగడ్డంలా ఉన్నాయని ఇంగ్లీషువాళ్లు దాన్ని మేకచేప అన్నారు. ఆ మీసాల నిండా రుచిమొగ్గలే, మన నాలిక మీద ఉన్నట్టు. అవి పంపే కబుర్లన్నీ అందుకోవాలి కదా, అందుకని దాని మెదడులో రుచి చూసుకునే భాగం బాగా ఎదిగి ఉంటుంది.

దాని తిండంతా సముద్రం అడుగున ఇసకలో, బురదలో దాక్కుని ఉంటుంది. చిన్న రొయ్యలు, పీతపిల్లలు, పురుగులు, బుల్లిబుల్లి గుల్లలు. కంటికి కనపడని వాటిని ఎలా పట్టుకోవడం? కరెంటు పోయినప్పుడు నేను కళ్లజోడు కోసం మంచమంతా తడుముతానే, అలా తడుముతుంది. రెండు మీసాలూ దేనికది ఆడతాయి. ఒకటి ఇటు గుచ్చుతుంటే రెండోది అటు కెలుకుతుంది. రుచి తగిలిందా, మూతి ఇసకలోకి దూర్చి, ఇసకా తిండీ కలిపి లాగేస్తుంది. తిండి లోపలికి, ఇసక మొప్పల్లోంచి బయటికి. అమ్మ చేటలో బియ్యం చెరిగితే ఊక ఎగిరిపోవడం లేదూ, అచ్చం అలాగే!

దుక్కి దున్నుతుంటే నాగలి వెనకాలే తెల్లకొంగలు నడుస్తాయి, మట్టి తిరగబడితే పురుగులు బయటపడతాయని. గులివింద తవ్వుతున్నా అంతే. వేరే జాతుల చేపలు వెంటబడి, పైకి లేచినదాన్ని నోట కరుచుకుపోతాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో! మన పొలంలో జరిగేదే సముద్రం అడుగునా జరుగుతోందన్నమాట.

దీనికి ఎర్రసముద్రంలో పసుపురంగు చుట్టమొకటుంది. అది గుంపు కట్టి చిన్న చేపల్ని వేటాడుతుంది. ఒకటి తరుముతుంటే మిగతావి పగడపుదిబ్బ చుట్టూ తిరిగి, పారిపోయే దారులు మూసేస్తాయి. కోడిపుంజును పట్టమంటే మీరంతా తలో గుమ్మం దగ్గరా నిలబడరూ?

అన్నట్టు, పిల్ల గులివిందలు అడుగున ఉండవు. వెండిలా మెరుస్తూ పైనీళ్లలో ఈదుతూ, నీళ్లలో తేలే సన్నసన్న జీవాల్ని తింటాయి. పాలు మాని అన్నం తినడం మొదలెట్టినట్టు, కాస్త ఎదిగాకే కిందికి దిగి మీసాలతో పని నేర్చుకుంటాయి.

రేపు నాయనమ్మ గులివిందలు తెస్తే, కోసేముందు ఒకటి అడిగి తీసుకోండి. మీసాలు కనపడలేదని కంగారు పడకండి. పని లేనప్పుడు వాటిని గొంతు కింద గాడిలో మడిచి దాచుకుంటుంది. గోటితో మెల్లిగా లాగితే బయటికొస్తాయి.