గట్టి పన్ను ఎందుకు విరుగుతుంది?

“డాక్టరు గారూ! రూట్ కెనాల్ చేయించుకున్నాక నొప్పి పోయింది. కొన్ని నెలలు హాయిగా ఉన్నాను. నిన్న అన్నంలో చిన్న రాయి తగిలి ఆ పన్నే రెండుగా చీలిపోయింది. ఎందుకిలా జరిగింది?”

దంత వైద్యుల దగ్గరకు వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వేరు దాకా చీలిన పన్నును సాధారణంగా తీసివేయక తప్పదు. ముందుగా తెలుసుకుని జాగ్రత్తపడితే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. అందుకే పన్ను, దానిలో నింపే సిమెంటు, పైన తొడిగే క్యాపు ఎందుకు విరుగుతాయో, ఎలా నిలుస్తాయో ఇక్కడ వివరిస్తున్నాము.

గట్టిదనం వేరు, విరగకపోవడం వేరు

గాజు గ్లాసు గట్టిది. గోటితో గీస్తే గీత పడదు. కాని చేయి జారితే ముక్కలవుతుంది. తోలు చెప్పు మెత్తనిది. ఎంత ఎత్తు నుండి పడినా పగలదు. గీత పడకుండా ఉండే గుణం ఒకటి, పగులు సాగకుండా ఆపే గుణం మరొకటి. పంటికి ఈ రెండూ కావాలి.

కొత్త గుడ్డను చేతితో చింపడం కష్టం. అంచున కత్తెరతో చిన్న గాటు పెడితే సులువుగా చిరుగుతుంది. లాగే బలమంతా ఆ గాటు కొన దగ్గర చేరడమే దీనికి కారణం. గాజు కూడా కంటికి కనిపించని గాట్ల దగ్గరే విరగడం మొదలవుతుందని 1921లో ఇంగ్లండుకు చెందిన గ్రిఫిత్ అనే ఇంజనీరు వివరించారు. నొక్కితే పగులు మూసుకుంటుంది. లాగినా, వంచినా తెరుచుకుంటుంది. కనుక పెళుసు పదార్థాలు నొక్కుడును బాగా ఓర్చుకుంటాయి, వంపును ఓర్చుకోలేవు.

పంటి నిర్మాణం

పంటి పైపొర ఎనామిల్. మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అందుకే అది గట్టిది, అందుకే పెళుసు కూడా. దాని కింద ఉండేది డెంటిన్. ఇందులో ఖనిజం సుమారు 70 శాతం. మిగిలినది కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు, నీరు. మట్టిలో వరిగడ్డి కలిపి కట్టిన గోడ త్వరగా బీటలు వారదు కదా! డెంటిన్‌లో ఈ పోగులు చేసే పని కూడా అదే. ఎనామిల్‌లో పుట్టిన పగులు సాధారణంగా డెంటిన్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పెద్ద వయసు వారి పళ్ళ మీద సన్నని గీతలు కనిపించినా అవి ఏళ్ల తరబడి పనిచేయడానికి కారణం ఇదే.

గట్టిగా కొరికినప్పుడు దవడ పళ్ళ మీద 50 నుండి 70 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. పుచ్చిన పంటికి మనం ఏది నింపినా ఈ ఒత్తిడిని రోజూ తట్టుకోవాలి.

నింపే సిమెంటులు

వెండి సిమెంటు అని పిలిచే అమాల్గంలో సుమారు సగం పాదరసం, మిగిలినది వెండి, తగరం, రాగి. ఇది నొక్కుడుకు బాగా నిలుస్తుంది. లాగుడును ఓర్చే బలం అందులో ఐదో వంతు కూడా ఉండదు. పలచగా వేస్తే అంచులు విరుగుతాయి. పూర్తి బలం రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. “ఈ రోజు ఆ పక్క నమలకండి” అని డాక్టరు చెప్పేది అందుకే. పాదరసం పర్యావరణానికి హానికరం కనుక దీని వాడకం తగ్గుతూ వస్తోంది.

పంటి రంగులో ఉండే కాంపోజిట్ సన్నని గాజు రేణువులు కలిపిన రెజిన్. నీలి కాంతి వేయగానే గట్టిపడి పంటిని అంటుకుంటుంది. అయితే గట్టిపడేటప్పుడు 2 నుండి 3 శాతం కుంచించుకుపోతుంది. ఒకేసారి నింపితే అంచున సందు ఏర్పడవచ్చు. అందువల్ల పొరలు పొరలుగా వేస్తారు. ఆలస్యమవుతోందని డాక్టరును తొందరపెట్టకండి.

గ్లాస్ అయానమర్‌ను విల్సన్, కెంట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1972లో ప్రపంచానికి తెలియజేశారు. ఇది ఫ్లోరైడును విడుదల చేస్తుంది, కాని సులువుగా విరుగుతుంది. పాలపళ్ళకు, చిగురు దగ్గరి గుంతలకు బాగుంటుంది. పెద్దవారి దవడ పంటిలోని పెద్ద గుంతకు చాలదు.

రూట్ కెనాల్ తరువాత

“నరం తీస్తే పన్ను ఎండిపోయి విరుగుతుంది” అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. 1989లో రీ, మెసర్, డగ్లస్ అనే పరిశోధకులు తీసివేసిన పళ్ళను పరీక్షించి చూశారు. రూట్ కెనాల్ కోసం చేసిన రంధ్రం వల్ల పంటి బిగువు 5 శాతమే తగ్గింది. రెండు పక్కల అంచులూ పోయేంత పెద్ద గుంత వల్ల 63 శాతం తగ్గింది. బుట్టకు అంచు కట్టు ఊడితే పక్కలు విచ్చుకుంటాయి. పుచ్చి డొల్ల అయిన పంటి గోడలు కూడా కొరికిన ప్రతిసారీ అలాగే విచ్చుకుంటాయి. పగులు కొంచెం కొంచెంగా దిగుతుంది. చివరికి రాయి ఒక సాకు మాత్రమే!

క్యాపు చేసే పని ఎడ్లబండి చక్రానికి వేసే ఇనుప పట్టా వంటిది. గోడలు విచ్చుకోకుండా చుట్టూ పట్టి ఉంచుతుంది. రూట్ కెనాల్ తరువాత క్యాపు వేయించుకోని పళ్ళు, వేయించుకున్న వాటికన్నా ఆరు రెట్లు ఎక్కువ వేగంగా పోయాయని 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. అంతగా పుచ్చని ముందు పళ్ళకు క్యాపు అన్నిసార్లూ అవసరం ఉండదు. దవడ పళ్ళకు మాత్రం సాధారణంగా అవసరం.

ఏ క్యాపు మంచిది?

లోహపు క్యాపు ఒత్తిడికి కొంచెం వంగుతుందే గాని విరగదు. పింగాణీ అందంగా ఉంటుంది, కాని పెళుసు. కనుక లోపల లోహం, పైన పింగాణీ ఉన్న క్యాపులు వచ్చాయి. ఇప్పుడు జిర్కోనియా కూడా వాడుతున్నారు. దానిలో పగులు సాగబోతే ఆ కొన దగ్గరి రేణువులు రూపం మారి సుమారు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును నొక్కి ఆపుతుంది. ఈ గుణాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1975లో వెల్లడించారు.

డబ్బుకు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడి ఇంట్లో ఉండిపోకండి, డాక్టరుకు చెప్పండి. కనిపించని దవడ పంటికి సాధారణ లోహపు క్యాపు చాలు. అది తక్కువ ఖర్చులో అవుతుంది, గట్టిగానూ నిలుస్తుంది.

గుర్తుంచుకోండి

• నొప్పి పోయిందంటే వైద్యం పూర్తయిందని కాదు. క్యాపు కోసం చెప్పిన రోజున తప్పక వెళ్ళండి. అంతవరకు ఆ పంటితో గట్టివి కొరకకండి.
• కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్నులో పగులు ఉండవచ్చు. ఆలస్యం చేయకండి.
• సోడా మూతలు పళ్ళతో తీయకండి. ఐసు ముక్కలు, వక్కలు, ఎముకలు కొరకకండి.
• నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉంటే డాక్టరుకు తెలియజేయండి.
• పళ్ళ సెట్టును నీళ్ళున్న గిన్నె మీద పట్టుకుని కడగండి. జారినా పగలదు. విరిగితే ఇంట్లో గమ్‌తో అతికించకండి.

సొంత పన్నుకు సాటి వచ్చే పదార్థం ఇంతవరకు లేదు. ఉన్న పన్నును కాపాడుకోండి. చికిత్స సగంలో ఆపినవారు మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే వారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.