కంటిగుంట గోడలు

వైద్య విద్యార్థులు ఎండిన పుర్రెను చీకటిగదిలో నుంచి, కంటిగుంటలో చిన్న దీపము పెట్టి చూచుట కలదు. ఎముక గదా, వెలుతురు ఆగిపోవునని మన మనుకొందుము. కాని గుంట అడుగునుండియు, ముక్కువైపు గోడనుండియు వెలుగు బయటికి కనబడును. ఆ రెండు గోడలు అంత పలుచనివి.

వాటి కావల గాలిగదులున్నవి. వీటినే సైనసు లందురు. పైదవడ ఎముకలోనిది అన్నిటికన్న పెద్దది. దాని పైకప్పే కంటిగుంటకు నేల. దాని నేలక్రింద పైపండ్ల వేళ్లు, అంగిలి. అనగా ముఖము మూడంతస్తుల మేడ వంటిది: క్రింద నోరు, నడుమ గాలిగది, పైన కన్ను. ముక్కునకును కంటికిని మధ్య తేనెపట్టువంటి చిన్న గదులు మరికొన్ని ఉన్నవి. వాటి గోడ అర మిల్లీమీటరు మందమైనను ఉండదు. దాని లాటిను పేరునకు అర్థమే ‘కాగితపు పలక’.

ఈ గదులలో కంతి పుట్టినచో చాలకాలము తెలియదు. గది ఖాళీ గనుక పెరుగుటకు చోటు చిక్కును. ముక్కు దిబ్బడ వేసినను జలుబే యనుకొందురు. గది నిండిన పిమ్మట కంతి గోడలపై బడును. అది గోడను త్రోయుట మాత్రమే కాదు. పాత ఎముకను కరగించు కణములు మన శరీరమందే ఉన్నవి. కాన్సరు కంతి వాటిని పురికొల్పి, వాటిచేతనే గోడ తినిపించును. గోడ తినకుండ పోవు దారులును కలవు: చెంపకు స్పర్శనిచ్చు నరము నడచు సందు, కన్నీరు ముక్కులోనికి దిగు గొట్టము, కంటిగుంట వెనుకనున్న చీలిక. అందుచేతనే చెంప తిమ్మిరెక్కుట, కన్ను ఎడతెగక కారుట తొలి గుర్తులు కావచ్చును. తరువాత కనుగ్రుడ్డు ముందుకో పైకో జరుగును. ఒక వస్తువు రెండుగా కనబడును. ముక్కు జబ్బుతో రోగి కంటి వైద్యుని యొద్దకు పోవుట ఇందువలననే.

చోడవరమున్న ఉత్తర కోస్తాకు ఈ మేడతో మరొక సంబంధము కలదు. (ఈ ఊరు 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోనిది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది.) ఈ ప్రాంతపు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. అంగిలి కాన్సరునకు ఇది కారణమని డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు 1957లో ప్రకటించిరి. 1971లో శ్రీకాకుళం జిల్లా పల్లెవాసులు 10,169 మందిని పరీక్షించిన ఫలితములు వెలువడినవి. అంగిలి కాన్సరు, సైనసు కాన్సరు ఒకటి కావు. కాని అంగిలిది ముదిరినచో క్రింది అంతస్తునుండి నడిమి అంతస్తునకు ఎక్కగలదు. అటుపిమ్మటి దారి కంటికే. 2021లో కోవిడు వెనువెంట వచ్చిన నల్ల బూజు జబ్బుకూడ ఈ త్రోవనే కంటిలోనికి పోయినది.

ఎముక ఇంత బలహీనమైనను కంటి కొక రక్షణ కలదు. గుంట లోపలివైపున గట్టి పొర యొకటి అతుకుకొని యున్నది. ఎముక కరగినను ఈ పొర కొంతకాలము కంతిని ఆపును. పూర్వము ఎముక తినివేయబడిన రోగులలో పెక్కుమందికి కన్నుకూడ తీసివేయుచుండిరి. ఇప్పుడు సి.టి. చిత్రములో ఎముకను, ఎం.ఆర్.ఐ. చిత్రములో మెత్తని భాగములను పరిశీలింతురు. పొర చెడనిచో కన్ను నిలుపుటకే శస్త్రవైద్యులు చూతురు. పొర దాటి కంటి కండరములను, కొవ్వును పట్టినచో ఆ అవకాశము తగ్గును. గుంట కొనను చేరినచో దృష్టినరమును, మెదడును దూరము కావు.

ముక్కు దిబ్బడలలో చాల భాగము జలుబే, లేదా హానిలేని కండలే. కాని ఒక్క ముక్కు మాత్రమే వారములకొలది మూసుకొనుట, అటనుండియే నెత్తురు పడుట, అదే వైపు చెంప తిమ్మిరి, కారణము లేక పైపన్ను కదలుట, ఇవి కలసి వచ్చినచో ముక్కు వైద్యునికి చూపవలెను. చోడవరమునుండి విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి బస్సు ప్రయాణమే.