లినక్సు యంత్రములలో డిస్కును సిద్ధపఱచు విధానము

కొత్తగా కొనిన బీడు భూమిలో ఆనాడే విత్తనములు చల్లు రైతు లేడు. ముందుగా హద్దులు చూచి గట్లు వేయించును. పిదప దున్నించి సాళ్లు తీయించును. ఆపైన కాలువనుండి బోదె త్రవ్వించి నీరు పాఱించును. కంప్యూటరునకు కొత్తగా తగిలించిన డిస్కు సంగతియు ఇట్టిదే. డిస్కు ఉన్నంత మాత్రమున అందులో పత్రములు దాచుకొనుటకు వీలుపడదు. దానికిని మూడు పనులు జరుగవలెను. ఆ మూడును మనుష్యుని ప్రమేయము లేకుండ, యంత్రము మేల్కొనునప్పుడే జరుగునట్లు చేయుట ఎట్లు, అందు పొంచియున్న ప్రమాదములేవి అను విషయములను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయ దలచితిమి.

ఇచట యంత్రమనగా వర్చువల్ మెషీను, అనగా కల్పిత యంత్రము. ఒక పెద్ద కంప్యూటరు శక్తిని పంచి, దాని లోపలనే పెక్కు చిన్న కంప్యూటరులున్నట్లు నడుపు ఏర్పాటునకు ఇది పేరు. ప్రతి కల్పిత యంత్రమును తానొక సంపూర్ణమైన కంప్యూటరైనట్లే ప్రవర్తించును. దాని డిస్కు సైతము పలుచోట్ల పెద్ద కంప్యూటరులో నుంచిన ఒక ఫైలు మాత్రమే. ఇట్టి యంత్రములలో పెక్కింటిని నడుపునది లినక్సు. దీనిని 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగానుండిన లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. కల్పిత యంత్రములను కొలది నిమిషములలో పదులకొలది పుట్టించవచ్చును. ప్రతిదానియొద్దను ఒక మనిషి కూర్చుండి డిస్కును సిద్ధపఱచుట సాధ్యము కాదు. కావుననే ఆ పనిని యంత్రమునకే అప్పగింతురు.

ఇక మూడు పనులను వరుసగా చూతము.

మొదటిది విభజన. ఏ భాగము ఎచట మొదలై ఎచట ముగియునో తెలుపు పట్టికను డిస్కు మొదట వ్రాయుదురు. దీనిని పార్టిషను పట్టిక అందురు. 1983 నుండి పర్సనల్ కంప్యూటరులలో వాడుకకు వచ్చిన ఎం.బి.ఆర్. అను పాత పద్ధతిలో ముఖ్య భాగములు 4 కంటె ఎక్కువ ఉండుటకు వీలులేదు. 512 బైట్ల గడులుగల డిస్కులో సుమారు 2,19,902 కోట్ల బైట్లకు, అనగా 2 టెరాబైట్లకు మించిన చోటు ఆ పద్ధతికి అందదు. జి.పి.టి. అను కొత్త పద్ధతిలో మామూలుగా 128 భాగములకు చోటు కలదు. పైగా ఆ పట్టికకు మఱియొక ప్రతి డిస్కు చివర కూడ భద్రముగా నుండును.

రెండవది ఫైలు వ్యవస్థను ఏర్పఱచుట, వాడుకలో ఫార్మాటు చేయుట. ఏ పత్రము ఏ గడులలో నున్నదో గుర్తుంచుకొను లెక్క ఇందువలన ఏర్పడును. లినక్సులో 2008 నుండి స్థిరపడిన ఈ.ఎక్స్.టి.4 అనునది ఇట్టి వ్యవస్థలలో మిక్కిలి వాడుకలో నున్నది.

మూడవది మౌంటు చేయుట. విండోసులోవలె సి, డి అను వేఱు వేఱు డ్రైవులు లినక్సులో కనబడవు. మూలమునుండి కొమ్మలుగా వ్యాపించిన ఒకే ఫోల్డరుల వృక్షము కలదు. సిద్ధమైన విభాగమును ఆ వృక్షమున ఒక ఫోల్డరునకు తగిలించుటయే మౌంటు. బోదె తెఱచిననే చేనికి నీరు ఎక్కినట్లు, మౌంటు చేసిననే ఆ విభాగములోని పత్రములు మనకు అందును.

ఈ మూడింటికిని నడుమ ఒక గొప్ప భేదము కలదు. మొదటి రెండును డిస్కు జీవితమున సాధారణముగా ఒక్కసారి చేయవలసినవి. మూడవది యంత్రము మేల్కొనిన ప్రతి పర్యాయము చేయవలసినది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ భేదముననే ఇమిడియున్నది. గట్లు వేయుట, దున్నుట ఒకనాటి పని. నీరు పెట్టుట నిత్యకృత్యము. మూడింటిని ఒకే ఆజ్ఞాపత్రమున వ్రాసి, యంత్రము మేల్కొనినపుడెల్ల దానిని అమలుజరుపుమని చెప్పినచో, విత్తిన చేనిని రోజును దున్నుమని పాలేరుతో చెప్పినట్లగును. మొదటి దినమున డిస్కు ఖాళీ గనుక అంతయు సవ్యముగా తోచును. రెండవసారి యంత్రము మేల్కొనగానే, మొదటిదినమున దాచిన పత్రములు మాయమగును.

ఈ.ఎక్స్.టి.4ను ఏర్పఱచు కార్యక్రమము, మనిషి ఎదుట కూర్చున్నప్పుడు, డిస్కుపై ఇంతకుముందే ఫైలు వ్యవస్థ యున్నచో "కొనసాగింపవలెనా?" అని అడుగును. యంత్రము తనంత తాను మేల్కొనునపుడు ఎదుట మనిషియుండడు. ఆ ప్రశ్నయు రాదు. కావున అడుగవలసిన ప్రశ్నను మనమే ఆజ్ఞాపత్రమున ముందుగా వ్రాయవలెను. డిస్కుపై నున్న గుర్తులను చదివి చెప్పుటకు బి.ఎల్.కె.ఐ.డి. అను చిన్న కార్యక్రమము లినక్సులో కలదు. మొత్తము డిస్కును, దానిలోని విభాగములను చూచి, ఏ పట్టికగాని ఏ ఫైలు వ్యవస్థగాని లేదని తేలినప్పుడే విభజించి ఫార్మాటు చేయవలెను. ఏ గుర్తు కనబడినను ఆ రెండు పనులను విడిచి, నేరుగా మౌంటునకు పోవలెను. చూచి చేయుట, చేసినదానిని మరల చేయకుండుట: స్వయంచాలక కార్యములన్నిటికిని ఇదియే ప్రథమ ధర్మము.

పెద్ద సేవాసంస్థల కల్పిత యంత్రములలో ఈ పనికై క్లౌడ్-ఇనిట్ అను సాధనమును విరివిగా వాడుదురు. ఏ డిస్కును ఎట్లు విభజించవలెనో, ఏ ఫోల్డరునకు తగిలించవలెనో ఒక పత్రమున వ్రాసియిచ్చినచో అది నెఱవేర్చును. అందు విభజనకు సంబంధించి "ఓవర్‌రైట్" అను ఒక మీట కలదు. దానిని వ్రాయకున్నచో, డిస్కుపై ఏదేని పట్టికగాని ఫైలు వ్యవస్థగాని కనబడినపుడు ఆ సాధనము వెనుదీయును. "ఓవర్‌రైట్ ట్రూ" అని వ్రాసినచో ఆ జాగ్రత్త తొలగిపోవును. ఈ సాధనము డిస్కుల విభజనను ఒక్కొక్క యంత్రమునకు ఒక్కసారియే చేయును గదా, ఇక భయమేల అని కొందరనవచ్చును. కాని ఒక యంత్రమునకు నకలు తీసి కొత్త యంత్రమును పుట్టించినపుడు దాని గుర్తింపు సంఖ్య మాఱును. అది తనకు ఇదియే మొదటి ఉదయమని తలచును. ఆ యంత్రమునకు పాత పత్రములున్న డిస్కును తగిలించియున్నచో, వాని గతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవ ప్రమాదము పేర్లకు సంబంధించినది. లినక్సు తాను కనుగొనిన డిస్కులకు ఎస్.డి.ఏ., ఎస్.డి.బి., ఎస్.డి.సి. అని వరుసగా పేర్లిచ్చును. అవి కనబడిన క్రమమును బట్టి వచ్చు పేర్లు. నేటి బి రేపటి సి కావచ్చును. "తూర్పునుండి మూడవ చేను" అని గుర్తుపెట్టుకొనినవాడు, నడుమ మఱియొక గట్టు పడగానే పొరుగువాని చేనిలో దిగును. దస్తావేజులో సర్వే నంబరు వ్రాయుట ఇందుకే. డిస్కు విభాగములకును అట్టి నంబరు కలదు. ఫైలు వ్యవస్థను ఏర్పఱచునపుడు పుట్టు ఆ గుర్తును యు.యు.ఐ.డి. అందురు. లినక్సు ఫైలు వ్యవస్థలలో అది 32 గుర్తులు, 4 గీతలు కలిసి 36 స్థానములుగా కనబడును. డిస్కునకు అక్షరాల నకలు తీసినచో ఈ నంబరును నకలులోనికి వచ్చునని మాత్రము మఱవరాదు.

నంబరు గుర్తుండదనుకొనువారు విభాగమునకు లేబులు, అనగా ఒక పేరు పెట్టవచ్చును. తెలుగులో పెట్టవచ్చునా? పెట్టవచ్చును, కాని ఈ.ఎక్స్.టి.4లో ఆ పేరునకు 16 బైట్లు మాత్రమే చోటు. ఆంగ్లాక్షరము ఒక్క బైటులో ఇముడును. యూటీఎఫ్-8 అను లిపిసంకేతమున మన హల్లునకు 3 బైట్లు, దానికి తగిలించు గుణింతపు గుర్తునకు మఱి 3 బైట్లు కావలెను. "తెలుగు" అను పదమున 3 హల్లులును 3 గుర్తులును గలవు గనుక 18 బైట్లగును; అది అందులో పట్టదు. "బడి" అను పదమునకు 9 బైట్లు చాలును. పేరు పెట్టుటకు ముందు విద్యార్థులు ఈ లెక్క వేసికొనుట మంచిది.

మౌంటు వివరములు ఎఫ్.ఎస్.ట్యాబ్ అను పత్రమున ఒక్కొక్క వరుసగా నుండును. ప్రతి వరుసలో 6 గడులు: ఏ విభాగము, ఏ ఫోల్డరు, ఏ ఫైలు వ్యవస్థ, ఏ నియమములు, చివర నకలునకును తనిఖీకిని సంబంధించిన రెండంకెలు. మూడవ ప్రమాదము ఇచట కలదు. ఈ పత్రమున వ్రాసిన విభాగము కనబడనిచో, నేటి లినక్సులలో పెక్కు మామూలుగా 90 సెకనులు వేచి, పిదప అత్యవసర స్థితిలో నిలిచిపోవును. కల్పిత యంత్రమును దూరమునుండి నడుపువానికి అప్పుడు లోపల ప్రవేశించుటయే కష్టము. నియమముల గడిలో "నోఫెయిల్" అని చేర్చినచో, ఆ డిస్కు లేకున్నను తక్కిన యంత్రము మేల్కొనును. ఒక చేని బోదె పూడినదని ఊరికంతకు నీరు ఆపరాదు గదా! కాని అప్పుడు మౌంటు కాని ఫోల్డరులో వ్రాసిన పత్రములు వేఱొక డిస్కుపై పడును. కావున వ్రాయుటకు ముందు మౌంటైనదో లేదో చూచుట కార్యక్రమముల విధి.

మఱియొక మాట. సిద్ధముగా నున్న డిస్కులన్నియు దాచుకొనుటకు తగినవి కావు. మైక్రోసాఫ్టు వారి అజూర్ సేవలో అనేక యంత్రములకు ఒక తాత్కాలిక డిస్కునిత్తురు. యంత్రమును వేఱొకచోటికి మార్చినపుడు అందలి పత్రములు పోవును. ఆ సంగతి తెలుపు హెచ్చరిక పత్రమును అందులోనే ఉంచుదురు. దానిని చదువక పాఠశాల మార్కుల పట్టికలను అందు దాచుట ఏటి యిసుకలో గాదె కట్టుటయే.

మనవంటి భాషాల్పసంఖ్యాక ప్రాంతములలో పాత తెలుగు పుస్తకము, పాత సంచిక ఒక ప్రతి పోయినచో మఱియొకటి దొరకుట దుర్లభము. వానిని ఛాయాచిత్రములుగా తీసి కంప్యూటరులలో భద్రపఱచు పని మన పిల్లల చేతులమీదుగా జరుగవలసియున్నది. కనుక అట్టి యంత్రమును సిద్ధపఱచు విద్యార్థి, విలువగల పత్రములను పెట్టుటకు ముందు, ఒక చిన్న పత్రమును అందులో వ్రాసి, యంత్రమును రెండుసార్లు ఆపి మేల్కొలుపవలెను. రెండవసారియు ఆ పత్రము చెక్కుచెదరక నిలిచినచో ఆజ్ఞాపత్రము సవ్యమైనదని కొంత నమ్మవచ్చును. అంతట కూడ మఱియొక ప్రతిని వేఱొక డిస్కుపై, వేఱొకచోట ఉంచవలెను. విత్తనపు వడ్లను తెలిసిన రైతెవ్వడును ఒకే గాదెలో పోయడు.